రాయవేలూరా, గుడియాత్తమా? చిన్న ఊరికి తరలే ముందు ఒకసారి వెనక్కి చూద్దాం



ఈమధ్య మన కుటుంబాల్లో ఒక మాట తరచుగా వినబడుతోంది. "మద్రాసులో అద్దెలు కట్టలేకపోతున్నాం, బెంగళూరు ట్రాఫిక్‌లో సగం జీవితం పోతోంది. వేలూరుకో గుడియాత్తానికో వచ్చేస్తే ఎలా ఉంటుంది?" అని. రిటైరైనవాళ్లు అడుగుతున్నారు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద ఉద్యోగం చేసుకునే పిల్లలూ అడుగుతున్నారు. అద్దె ఎంత, పాలు లీటరు ఎంత అనే లెక్క ఎవరైనా చెప్పేస్తారు. మేము ఇంకో లెక్క చెప్పదలిచాం.

ఈ రెండు ఊళ్లకూ నాలుగు వందల ఏళ్లుగా మనుషులు తరలివస్తూనే ఉన్నారు. అందులో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. రాజులు వచ్చారు, సిపాయిలు వచ్చారు, నేతవాళ్లు వచ్చారు, గుమాస్తాలు వచ్చారు, రోగులు వచ్చారు, ఇప్పుడు విద్యార్థులు వస్తున్నారు. వీళ్లలో ఎవరు నిలబడ్డారు, ఎవరు మళ్లీ మూట కట్టుకున్నారు అని చూస్తే, చిన్న ఊరి మంచీ చెడూ రెండూ తెలిసిపోతాయి. కాస్త పొడుగు వ్యాసమే, ఓపికగా చదవండి.

1. రాజధాని అయిన చిన్న ఊరు

మన పెద్దవాళ్లు ఈ ఊరిని వేలూరు అని ఊరుకోరు, రాయవేలూరు అంటారు. ఆ 'రాయ' ఊరికే రాలేదు. ఇక్కడి కోట 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కింద ఉన్న నాయకుల కాలంలో లేచింది. సుమారు 133 ఎకరాల కోట, చుట్టూ నీళ్ల కందకం, లోపల జలకంఠేశ్వరుడి గుడి. చిన్నబొమ్మ నాయకుడు ఇక్కడ ఉండగానే అప్పయ్య దీక్షితులు ఆయన ఆదరణ పొందారు. అప్పటికే ఊరికి ఒక స్థాయి ఉంది, కానీ అది ఒక నాయకుడి ఊరు మాత్రమే.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం పాడుపడింది. రాజధాని పెనుకొండకు మారింది. తర్వాత వెంకటపతి రాయల కాలంలో చంద్రగిరికి, 1600ల తొలి సంవత్సరాల్లో వేలూరుకి వచ్చింది. అప్పటి వేలూరు నాయకుడు లింగమ నాయకుడు రాయలకు ఎదురు తిరిగితే, దామెర్ల చెన్నప్ప నాయకుడు కోటను ముట్టడించి లొంగదీశాడు. ఆరవీటి రాజులతో పాటు దండనాయకులు, పండితులు, కవులు, లెక్కలు రాసే కరణాలు, వాళ్లకు బట్ట నేసేవాళ్లు, సరుకు అమ్మేవాళ్లు అందరూ కదిలారు. అది చాలామంది తెలుగువాళ్లు కలిసి ఒక చిన్న ఊరికి తరలిన వలస.

వాళ్లకు కలిగిన మేలు తెలుస్తూనే ఉంది. శత్రువుకు దూరం, గట్టి కోట, చుట్టూ పాలారు లోయ పంట. కీడు ఏమిటి? ఊరంతా ఒక్క దర్బారు మీద ఆధారపడింది. 1614లో వెంకటపతి రాయలు పోగానే వారసత్వం కోసం గొడవ లేచింది. గొబ్బూరి జగ్గరాజు వర్గం కొత్త రాజును కుటుంబంతో సహా ఈ కోటలోనే చంపించింది. ఒక్క పిల్లవాడు రామదేవుణ్ణి మాత్రం వెలుగోటి యాచమనాయుడు తప్పించగలిగాడు. 1616-17లో తోపూరు యుద్ధంలో జగ్గరాజు పోయాడు గానీ రాజ్యం మళ్లీ కుదురుకోలేదు. 1640ల చివర్లో వేలూరు బీజాపూరు సేనల చేతికి పోయింది. దర్బారు పోయింది, దర్బారును నమ్ముకుని వచ్చినవాళ్లు చెల్లాచెదురయ్యారు.

ఇక్కడే ఒక విచిత్రం చూడండి. వేలూరును ముట్టడించిన ఆ చెన్నప్ప నాయకుడి కొడుకులే 1639లో తీరం మీద ఒక చిన్న పల్లెను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చారు. ఆయన పేరు మీదే అది చెన్నపట్నం అయిందని చెబుతారు. 1645లో కంపెనీ మనిషి వేలూరు దాకా వచ్చి శ్రీరంగరాయల దగ్గర ఆ దానాన్ని ఖాయం చేయించుకోవాల్సి వచ్చింది. అంటే అప్పుడు పెద్ద ఊరు వేలూరు, చిన్న ఊరు చెన్నపట్నం! ఈరోజు ఎవరు ఎక్కడికి తరలాలని చూస్తున్నారో మీకే తెలుసు. ఊరు చిన్నదా పెద్దదా అన్నది ఎప్పటికీ ఉండే సంగతి కాదు. ఒక్క వంద ఏళ్లలో తారుమారు కాగలదు.

2. పింఛను మీద బతికిన కోట

రెండోసారి కూడా దాదాపు ఇదే జరిగింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాను కుటుంబాన్ని ఇంగ్లీషువాళ్లు వేలూరు కోటలో ఉంచారు. వాళ్ల వెంట బంధువులు, సేవకులు, పాత మైసూరు కొలువులో పనిచేసినవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చి ఊళ్లోనూ చుట్టుపక్కలా స్థిరపడ్డారు. ఆ కుటుంబానికి కంపెనీ ఇచ్చే పింఛను చుట్టూ ఒక బజారు పుట్టింది.

1806 జూలై 10 తెల్లవారకముందే సిపాయిలు తిరగబడ్డారు. తలపాగా మార్చాలి, నుదుటి మీద బొట్టూ నామమూ ఉండకూడదు, గడ్డం తీసేయాలి అన్న ఆజ్ఞలు దీనికి దగ్గరి కారణం. ఆర్కాటు నుంచి గుర్రపు దళం వచ్చి కొన్ని గంటల్లోనే అణిచేసింది. వందల మంది ప్రాణాలు పోయాయి. తర్వాత టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు పంపేశారు. వాళ్లను నమ్ముకుని వచ్చినవాళ్ల గతి ఏమైందో వేరే చెప్పక్కర్లేదు.

రెండు కథల్లోనూ ఒకటే సంగతి. ఊరు ఒకే స్తంభం మీద నిలబడితే, ఆ స్తంభాన్ని ఎవరో ఎక్కడో కూర్చుని తీసేయగలరు. ఊళ్లో ఉన్నవాళ్లను అడగరు.

3. కచేరీ వచ్చింది, గీత పడింది

మూడో స్తంభం సర్కారు కచేరీ. చాలాకాలం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం చిత్తూరు. మన తాతముత్తాతలకు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి, గుడియాత్తం, వేలూరు అన్నీ ఒకే జిల్లా. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి తెలుగు తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు అందులో చేరాయి. మిగిలిన ఉత్తర ఆర్కాటుకు వేలూరు కేంద్రమైంది. దాంతో వకీళ్లు, గుమాస్తాలు, స్టాంపు కాగితాలు అమ్మేవాళ్లు, హోటళ్లు పెట్టేవాళ్లు వేలూరు దారి పట్టారు. చిత్తూరుకు పోయింది వేలూరుకు కలిసొచ్చింది.

అప్పట్లో అది ఒకే మద్రాసు రాష్ట్రంలో రెండు జిల్లాల మధ్య గీత. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అదే గీత రాష్ట్ర సరిహద్దు అయింది. 1960లో పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి అటువైపు నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గుడియాత్తంలో తెలుగు మాట్లాడే ఇల్లు ఒక్క అంగుళం కదల్లేదు, కానీ గంట ప్రయాణంలో ఉన్న చిత్తూరు వేరే రాష్ట్రమైపోయింది. పెళ్లి సంబంధాలు అటు, రేషన్ కార్డు ఇటు. మనలో చాలామందికి ఈ సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన పని లేదు.

కచేరీ స్తంభం కూడా శాశ్వతం కాదు. 1989లో తిరువణ్ణామలై వేరే జిల్లా అయింది. 2019లో మిగిలిన వేలూరు జిల్లా మళ్లీ మూడు ముక్కలైంది, వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు అని. ఆంబూరువాళ్లు, వాణియంబాడివాళ్లు కలెక్టరాఫీసు పనికి ఇక వేలూరు రానక్కర్లేదు. వాళ్లకు అది సుఖమే. వాళ్ల రాకపోకల మీద బతికే వేలూరు చిన్న వ్యాపారికి ఆ మేరకు బేరం తగ్గినట్టే.

4. ఒక్క మంచంతో మొదలైన ఆసుపత్రి

పై మూడింటికీ భిన్నమైన కథ ఇది. ఐడా స్కడర్ రాణిపేటలో పుట్టిన అమెరికన్ మిషనరీ డాక్టర్ల ఇంటి బిడ్డ. అమెరికాలో వైద్యం చదువుకుని 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. మద్రాసులో పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి, ఆడ డాక్టరు కావలసింది ఇక్కడి పల్లెల్లో. 1902లో 40 మంచాల ఆసుపత్రి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల వచ్చాయి. 1947 నుంచి మగ విద్యార్థులనూ తీసుకున్నారు. సి.ఎం.సి. అని మనం పిలిచేది దీన్నే. మన దేశంలో విజయవంతమైన తొలి ఓపెన్ హార్ట్ సర్జరీ 1959లో, విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడి 1971లో జరిగింది మహానగరాల్లో కాదు, ఇక్కడ.

రోగులు ఊరికి వచ్చేదాకా ఆవిడ కూర్చోలేదన్నది మనం గమనించాలి. వారానికోసారి గుడియాత్తం దారిలో బండి ఆపుకుంటూ, చెట్ల కింద రోగులను చూసుకుంటూ వెళ్లేవారు. ఊరిలోని ఆసుపత్రి చుట్టూ ఉన్న పల్లెలకు ఉపయోగపడింది కాబట్టి పల్లెలు దాన్ని నిలబెట్టాయి. దర్బారు పోషకుడిని నమ్ముకుంది, ఆసుపత్రి అవసరాన్ని నమ్ముకుంది. ఆ తేడా వల్లే నూట పాతికేళ్లుగా నిలిచింది.

ఈరోజు గాంధీ రోడ్డు మీద, బాబూరావు వీధిలో లాడ్జీలు, మందుల షాపులు, మెస్సులు అన్నీ దీని నీడలోనివే. రాయలసీమ నుంచి, నెల్లూరు నుంచి వచ్చే మనవాళ్లకు అక్కడ తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతాడు. బెంగాలీ బోర్డులు కూడా కనబడతాయి. ఇక 1984లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ ఇప్పుడు వి.ఐ.టి. విశ్వవిద్యాలయం. అక్కడి తెలుగు పిల్లల వల్ల కాట్పాడి వైపు ఆంధ్రా మెస్సులు వెలిశాయి. 2007లో శ్రీపురం బంగారు గుడి వచ్చాక యాత్రికులూ తోడయ్యారు. అంటే వేలూరుకు ఇప్పుడు మూడు నాలుగు స్తంభాలున్నాయి. అయినా 2020 లాక్‌డౌన్‌లో చూశాం కదా. బయటి రోగులు రాలేదు, కాలేజీలు మూతపడ్డాయి, లాడ్జీల గదులు ఖాళీ. అన్ని స్తంభాలూ బయటివాళ్ల రాక మీదే ఉంటే, రాక ఆగిన రోజు అన్నీ ఒకేసారి ఊగుతాయి.

5. గుడియాత్తం దారి వేరు

వేలూరుకి కోట ఉంది, గుడియాత్తానికి మగ్గం ఉంది. విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత నాయకుల కాలంలోనూ తెలుగు సీమ నుంచి నేతవాళ్లు, రైతులు, వర్తకులు తమిళ సీమంతటా స్థిరపడ్డారు. గుడియాత్తంలో చిత్తూరు గేటు ఉంది, నెల్లూరుపేట ఉంది. తమిళ వైకాసి నెల మొదటి రోజున గంగమ్మ శిరస్సు ఊరేగుతుంటే, తిరుపతి గంగ జాతర ఎరిగినవాళ్లకు అది పరాయి పండగలా అనిపించదు.

ఈ ఊరిని ఏ రాజూ రాజధాని చేయలేదు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు ఎన్నికైంది ఇక్కడినుంచే. రాజకీయ చరిత్రలో ఊరి పేరు ఎక్కువగా వినబడేది ఆ సందర్భంలోనే. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనం సుమారు 91 వేలు. లుంగీ నేత, అగ్గిపెట్టెల తయారీ, బీడీలు, చుట్టూ కొబ్బరి, వేరుశనగ. ఒక ఇంట్లోనే ఒకరు మగ్గం మీద, ఒకరు అగ్గిపెట్టెల పనిలో, ఒకరు బీడీలు చుడుతూ ఉండటం ఇక్కడ మామూలు. ఒక పని సన్నగిల్లితే ఇంకో పని చేయి అందించేది. కూలి తక్కువే, పని కష్టమే, బీడీ ఆకు, అగ్గిమందు ఒంటికి చేసే చేటు కూడా తక్కువ కాదు. దాన్ని మేము గొప్పగా చెప్పడం లేదు. కానీ ఊరు పూర్తిగా ఒరిగిపోకుండా ఆపింది ఆ చిన్న చిన్న పనులే.

మగ్గానికీ దెబ్బ తగిలింది. మరమగ్గం వచ్చి చేనేత ధరను కిందికి లాగింది. లుంగీ లాంటి కొన్ని రకాలను చేతిమగ్గానికే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. చట్టం కాగితం మీద ఉంది, మరమగ్గం సందుల్లో ఆడుతూనే ఉంది. నేత ఇళ్లలోని తర్వాతి తరం మద్రాసుకు, బెంగళూరుకు వెళ్లిపోయింది. ఇప్పుడు తిరిగి వద్దామా అని అడుగుతున్నవాళ్లలో వాళ్ల పిల్లలూ ఉన్నారు.

6. ఇక మన లెక్క

మంచి వైపు:

ఖర్చు తక్కువ, దూరాలు తక్కువ. వేలూరులో ఉన్న పెద్దవాళ్లకు పెద్ద ఆసుపత్రి ఆటో దూరం. అరవై దాటినవాళ్లకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. గుడియాత్తం నుంచి కూడా గంటలో చేరవచ్చు.

రైలు సౌకర్యం పాతది. దక్షిణ దేశంలో తొలి రైలు 1856లో రాయపురం నుంచి వాలాజా దాకా నడిచింది. ఆ దారే తర్వాత కాట్పాడి, గుడియాత్తం మీదుగా పడమటికి సాగింది. మద్రాసు, బెంగళూరు, తిరుపతి మూడింటికీ కాట్పాడి నుంచి పగటిపూట వెళ్లి రావచ్చు.

పెళ్లికీ చావుకీ నలుగురు వస్తారు. మహానగరంలో పక్క ఫ్లాటు పేరు తెలియదు. ఇక్కడ ఒకరోజు కనబడకపోతే "ఏమన్నా ఒంట్లో బాగోలేదా?" అని తలుపు తడతారు.

తెలుగు దగ్గర్లోనే ఉంది. చిత్తూరు గంట దూరం. బస్సులు, బంధువులు, సంతలు అన్నీ అందుబాటులో ఉన్నాయి.

చెడ్డ వైపు:

నీళ్లు. పాలారు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. తోళ్ల కర్మాగారాల మురుగు ఈ లోయ భూగర్భ జలాన్ని ఎంత పాడు చేసిందంటే, వేలూరు పౌరుల సంస్థ వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశం మొత్తానికి పర్యావరణ చట్టంలో మైలురాయి అయింది. పాడు చేసినవాడే పరిహారం కట్టాలన్న సూత్రం అందులో స్థిరపడింది. తాగునీరు ఇప్పుడు మెట్టూరు వైపు నుంచి కావేరి నీళ్లు తెచ్చుకోవాల్సి వస్తోంది. ఇల్లు కొనే ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి.

వరద. నీళ్లు లేని నదిని చూసి ఒడ్డున స్థలం కొనకండి. 2021 నవంబరులో మోర్ధానా ఆనకట్ట పొంగి కౌండిన్య నది గుడియాత్తంలో ఎలా పారిందో అందరూ చూశారు. చౌకగా వచ్చే స్థలం ఎందుకు చౌకో ముందు అడగండి.

ఎండ. వేలూరు వేసవి గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లు మే నెలలో ఒక వారం ఉండి చూసి నిర్ణయించుకోండి.

ఉద్యోగం పోతే రెండో ఉద్యోగం ఆ వీధిలోనే దొరకదు. మహానగరం మనిషిని పట్టించుకోదు గానీ పది తలుపులు చూపిస్తుంది. చిన్న ఊరు బాగా పట్టించుకుంటుంది గానీ చూపించే తలుపులు రెండో మూడో.

ఆ పట్టించుకోవడం కూడా ఒక్కోసారి బరువే. ఆడపిల్ల ఎన్నింటికి ఇంటికొచ్చింది, కోడలు ఏ ఉద్యోగం చేస్తోంది అన్నది వీధి అంతటికీ కావాలి. నగరంలో పెరిగిన పిల్లలకు ఇది ఊపిరాడనట్టు ఉంటుంది. వాళ్ల మాట వినకుండా పెద్దవాళ్లే నిర్ణయం తీసుకుంటే ఇంట్లో మనశ్శాంతి ఉండదు.

చదువులో తెలుగు. తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున పైకి వచ్చి 2016 నాటికి పదో తరగతికి చేరింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, మనం దాన్ని కాదనం. కానీ మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు, రాయలేరు. బెంగళూరు నుంచి ఎనిమిదో తరగతిలో వచ్చే పిల్లవాడికి తమిళ అక్షరాలు కొత్త, తెలుగు అక్షరాలు ముందే లేవు. తరలేటట్టయితే పిల్లలు చిన్న తరగతుల్లో ఉండగానే తరలండి. తెలుగు అక్షరం మాత్రం ఇంట్లోనో, మన సంఘంలోనో నేర్పాల్సిందే.

7. మేము చెప్పదలచిన మాట

రాయల దర్బారుతో వచ్చినవాళ్లు, టిప్పు కుటుంబంతో వచ్చినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల కాలంలో అదే గట్టి ఆసరా. కానీ ఆ ఆసరా పగ్గాలు వాళ్ల చేతిలో లేవు. నిలబడ్డవాళ్లు వేరే రకం. నేర్చిన పని చేతిలో ఉన్నవాళ్లు, ఒక ఆదాయం పోతే ఇంకొకటి చూసుకోగలిగినవాళ్లు, చుట్టూ ఉన్న జనానికి పనికొచ్చినవాళ్లు, ఇరుగుపొరుగుతో కలిసిపోయినవాళ్లు.

అందుకని రిటైరైన జంటకు, పింఛనూ కొంత పొదుపూ ఉంటే, వేలూరు మంచి ఊరు అని మేము ధైర్యంగా చెబుతాం. చేతిలో వ్యాపారమో, ఎక్కడినుంచైనా చేసుకునే పనో ఉన్న చిన్నవాళ్లకు గుడియాత్తం కూడా మంచిదే. ఒక్క కంపెనీ "ఇంటి నుంచి పని చేసుకోండి" అన్న మాట మీద నగరంలో ఇల్లు అమ్మేసి రావద్దు. ఆ మాట మార్చడానికి కంపెనీకి ఒక్క ఈమెయిల్ చాలు. మొదట ఏడాది అద్దెకు ఉండండి, ఒక వేసవీ ఒక వానాకాలమూ చూడండి, తర్వాత స్థలం కొనండి.

ఇంకొక మాట. కోటలోని జలకంఠేశ్వరుడి గుడి వందల ఏళ్లు మూలవిరాట్టు లేకుండా ఖాళీగా ఉండిపోయింది. 1981లో ఊరివాళ్లే పూనుకుని సత్తువాచ్చారిలో ఉన్న శివలింగాన్ని తెచ్చి మళ్లీ ప్రతిష్ఠ చేసుకున్నారు. రాజు కట్టిన గుడిలో మళ్లీ దీపం పెట్టింది ఊరి జనం. తరలివచ్చే కుటుంబాలకు మొదటి నెల ఇల్లు చూపించడం, బడిలో చేర్పించడం, పిల్లలకు వారానికో రోజు తెలుగు అక్షరాలు దిద్దించడం కూడా ఏ సర్కారో వచ్చి చేసేది కాదు. మనం చేసుకుంటే అవుతుంది.

ఇప్పటికే తరలివచ్చినవాళ్లు మీ లెక్క కింద రాయండి. మంచి ఒక్కటే రాయకండి, ఇబ్బంది కూడా రాయండి. రాబోయేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది అదే.